మోటారు రివైండింగ్ షాపు నుంచి మెటాఫిజిక్స్ దాకా: ఒక పాఠకుడికి పుస్తకాలు ఎంచిన కేసు

పర్లాకిమిడిలో పాతికేళ్ళు ప్లస్ టూ పిల్లలకి లాజిక్ చెప్పాను. రిటైరయ్యాక ఇంటి ముందు గదిలో ఉన్న పుస్తకాలు అడిగినవాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టాను, ఇస్తూ ఇస్తూ అదే నా పనైపోయింది. ఫిలాసఫీ చదవాలనుంది మాస్టారూ, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడుగుతూ ఏడాదికి కొంతమంది వస్తారు. చాలామంది రెండో పుస్తకం దగ్గరే ఆగిపోతారు. ఎందుకు ఆగిపోతున్నారో, ఇచ్చేవాడిగా నా తప్పు ఎక్కడుందో నాకు బాగా తెలిసేలా చేసిన కేసు ఒకటుంది. అతను ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.

వయసు ముప్ఫై రెండు. మోటారు రివైండింగ్ షాపు. ఇంట్లో తెలుగు, బడి మొత్తం ఒడియా మీడియం, ప్లస్ టూ ఆర్ట్స్‌లో లాజిక్ ఉంది కానీ పాసవడానికి ఎంత కావాలో అంతే చదివాడు. తెలుగు అక్షరాలు వాళ్ళమ్మ నేర్పింది, పాత వారపత్రికలు ముందు పెట్టుకుని. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అటు వెళ్ళాక ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో ఇది మామూలే. మాట్లాడే భాష ఒకటి, పరీక్ష రాసే భాష ఇంకొకటి, మోటారు డబ్బాలో వచ్చే కాగితం ఇంగ్లీషులో. తెలుగు పుస్తకం కావాలంటే శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్ళేవాళ్ళతో తెప్పించుకోవాలి. పుస్తకం ఎంచేటప్పుడు ఇదంతా లెక్కలోకి తీసుకోవాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదటి రోజు గోనెగుడ్డ సంచిలో ఐదు పుస్తకాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. "రెండేళ్ళలో కొన్నాను మాస్టారూ, ఒక్కటీ పూర్తవలేదు. నాకు అంత తెలివి లేదేమో" అన్నాడు. ఆ ఐదూ ఇవి. ఇంగ్లీషులో మెటాఫిజిక్స్ అని అట్టమీద ఉన్న ఒక పుస్తకం, లోపలంతా మనసులో గట్టిగా అనుకుంటే డబ్బు ఎలా వస్తుందో అనే విషయం. రాధాకృష్ణన్ రాసిన ఇండియన్ ఫిలాసఫీ మొదటి భాగం. జర్మన్ తత్వవేత్త కాంట్ రాసిన క్రిటీక్ ఆఫ్ ప్యూర్ రీజన్, ఆన్‌లైన్లో తక్కువ ధరకి దొరికిందట. గతితార్కిక భౌతికవాదం, అంటే మార్క్సిస్టుల తత్వం మీద ఒక చిన్న తెలుగు పుస్తకం. ఒక ఆశ్రమం వాళ్ళు వేసిన ఉపనిషత్తు వ్యాఖ్యానం.

నేను ముందు చూసేది పెన్సిల్ గీతలు ఎక్కడ ఆగాయన్నది. కాంట్‌లో పదకొండో పేజీ దాకా గీతలున్నాయి, అక్కడ ఒక బస్సు టికెట్ ఉంది. ఆ పేజీలో ఎ ప్రియోరి అన్న మాట మీద సన్నటి అక్షరాలతో 'ముందుగా' అని రాసుకున్నాడు, రెండు పంక్తుల కింద కొట్టేసి 'ముందు నుంచి' అని, పేజీ చివర అదీ కొట్టేశాడు. ఒక మాటని మూడుచోట్ల మూడు రకాలుగా పట్టుకోబోయాడు. కాంట్ ఆ మాటని కాలంలో ముందు అని కాదు, అనుభవం మీద ఆధారపడని జ్ఞానం అనే అర్థంలో వాడాడని చెప్పేవాళ్ళు లేరు, అంతే. 1781లో ఆ పుస్తకం వచ్చినప్పుడు చదివినవాళ్ళు కూడా కష్టపడ్డారు, అందుకే కాంట్ 1783లో ప్రొలెగోమినా అని చిన్న పుస్తకం రాయాల్సి వచ్చింది. ఈ సంగతి చెప్పాక అతని మొహంలో కొంచెం తేలిక కనిపించింది.

"తెలివి సంగతి వదిలెయ్ బాబూ. ఇవి ఎందుకు కొన్నావో చెప్పు" అన్నాను.

టీ తాగాక చెప్పాడు. పాతపట్నం వైపు నుంచి ఒక రైతు ఏటా మోటారు తెస్తాడు, వాళ్ళ నాన్న కొన్నది. ఇతనే రెండుసార్లు కాయిల్ మార్చాడు, బేరింగులు లెక్కలేనన్నిసార్లు, ఒక ఏడాది షాఫ్టుతో సహా రోటర్, చివరికి బాడీ పగిలితే పాత సామాన్లలోంచి వేరే బాడీ వేసి నేమ్ ప్లేటు ఊడదీసి దీనికి బిగించాడు. ఆ రైతు మోటారుని చేత్తో నిమిరి "మా నాన్న మోటారుని బతికించావు" అన్నాడట. "ఆయన ఎళ్ళిపోయాక లెక్క చూసుకున్నాను మాస్టారూ. అందులో ఆళ్ళ నాన్న కొన్నది నేమ్ ప్లేటు ఒక్కటే. మరి అది ఏ మోటారు? నేను అబద్ధం ఆడినట్టా?" కాసేపాగి, "మన ఒళ్ళు కూడా అంతే కదా" అన్నాడు.

ఒక వస్తువు ఉండటమంటే ఏమిటి, మారుతూ కూడా అదే వస్తువుగా ఉండటమంటే ఏమిటి అని అడిగేదే మెటాఫిజిక్స్. పాతికేళ్ళ పాఠాల్లో ఇంత శుద్ధమైన మెటాఫిజిక్స్ ప్రశ్న నాకు ఏ విద్యార్థీ వెయ్యలేదు. అయినా ఆ రోజు నేను సరిగ్గా వినలేదు. పునాది లేదు కదా, ముందు మొత్తం దారి తెలియాలి అనుకుని హిరియన్న రాసిన అవుట్‌లైన్స్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ చేతిలో పెట్టాను. 1932 నాటి పుస్తకం, చాలా మంచిది, నాకు ప్రాణం. మూడు వారాలకి తిరిగి తెచ్చాడు. "ఎవరు ఏమన్నారో కొంచెం తెలిసింది. నా మోటారు సంగతి తేలలేదు" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. దర్శనాల చరిత్ర చదివితే మ్యాపు తెలుస్తుంది, కానీ ఇతను మ్యాపు అడగలేదు, ఒకచోటికి దారి అడిగాడు. అంతకుముందు రెండో పుస్తకం దగ్గర ఆగిపోయినవాళ్ళలో ఎంతమందికి నేను ఇలాగే మ్యాపు ఇచ్చి పంపానో.

మళ్ళీ మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం మాటల మీదే కూర్చున్నాం. దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే తెలుగులో ఫిలాసఫీ మొదలుపెట్టేవాళ్ళని ఎక్కువగా దెబ్బతీసేది కష్టమైన మాటలు కాదు, తెలిసిన మాటలు. మెటాఫిజిక్స్‌కి తెలుగు పుస్తకాల్లో అధిభౌతికశాస్త్రం అనీ తత్వమీమాంస అనీ రెండూ కనిపిస్తాయి. అతని దగ్గరున్న గతితార్కిక పుస్తకంలో అధిభౌతికవాదం అంటే తిట్టులాంటిది, వస్తువుల్ని కదలకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చూసే తప్పుడు పద్ధతి. హెగెల్, ఏంగెల్స్ దారిలో వచ్చిన వాడుక అది. ఆశ్రమం పుస్తకంలో ఆధిభౌతికం అంటే తాపాలు మూడింటిలో ఒకటి, పాము వల్లో తేలు వల్లో సాటి మనిషి వల్లో వచ్చే బాధ. మనం రోజూ అనే తాపత్రయం ఆ మూడు తాపాల నుంచి వచ్చిందే. ఇంగ్లీషు అట్టమీదున్న మెటాఫిజిక్స్ ఏమో మంత్రతంత్రాల వైపు పోయింది. అసలు అరిస్టాటిల్ తన రాతలకి ఆ పేరు పెట్టనే లేదు, తర్వాత ఆయన గ్రంథాలు సర్దినవాళ్ళు భౌతికశాస్త్రం తర్వాత వచ్చేవి అన్న అర్థంలో పెట్టుకున్న పేరు అది. ఐదు పుస్తకాలూ ఒకే విషయం మీద అనుకుని కొన్నాడు. ఒక్కటంటే ఒక్కటి కూడా రెండోదానితో మాట్లాడదు.

పదార్థం అన్న మాట ఇంకా మోసం చేస్తుంది. ఇంట్లో పదార్థం అంటే వంటకం, సైన్సులో ద్రవ్యరాశి ఉన్నదేదైనా, భౌతికవాదంలో మనసుకి బయట ఉన్న వాస్తవం, తర్కంలో మాటతో చెప్పగలిగేదేదైనా పదార్థమే, చివరికి లేకపోవడం కూడా. గుణం అంటే మందు వేశాక కనిపించేది, మంచితనం, రంగు, సంఖ్య కూడా. జాతి సంగతి చెప్పక్కర్లేదు. అతను ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొని ప్రతి పేజీకి ఒక మాట పైన రాసి, కింద ఏ పుస్తకంలో ఏ అర్థమో వేరువేరుగా రాసుకోవడం మొదలుపెట్టాడు. షాపులో చేతికి వార్నిష్ అంటి ఉండేది కాబట్టి పేజీల మూలలన్నీ గోధుమరంగు. ఆ నోటుబుక్కే అతని అసలైన మొదటి పుస్తకం అంటాను నేను.

భాష విషయంలో నేను చేసే పరీక్ష చిన్నదే. ఏ పుస్తకమైనా మధ్యలో తెరిచి రెండు పేజీలు పైకి చదివిస్తాను. పేజీకి నాలుగైదు మాటలకి మించి ఆగితే ఆ పుస్తకం ఇప్పుడు కాదు, ఎంత గొప్పదైనా సరే. నా దగ్గర పాత తెలుగు అనువాదం ఒకటుంది, గ్రాంథికం, పంక్తి నిండా సంధులు. ఇతను వాక్యానికి వాక్యం ఆగిపోయాడు. ఇదే ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనం మాట్లాడే భాష పుస్తకంలో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆ పోరాటం ఎందుకో నాకు పుస్తకాల్లో కంటే ఆ రోజు ఆ అబ్బాయి వేలు పంక్తి మీద ఆగినప్పుడు ఎక్కువ అర్థమైంది. ఇంగ్లీషు ఇచ్చి చూశాను. ఆశ్చర్యం, చిన్న వాక్యాలైతే ఇంగ్లీషే బాగా చదివాడు, కంపెనీ కాగితాలు చదివిన అలవాటు. అందుకని మాట్లాడుకోవడం తెలుగులో, చదవడం ఏది సులువైతే అందులో అని తీర్మానించుకున్నాం.

ఈసారి పుస్తకం ఇవ్వలేదు, రెండు పేజీలు ఇచ్చాను. మిళిందపన్హ అని బౌద్ధుల పాలీ గ్రంథం ఉంది, క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో రాజ్యం చేసిన గ్రీకు రాజు మినాండర్‌కీ నాగసేనుడనే భిక్షువుకీ మధ్య సంభాషణ. రిస్ డేవిడ్స్ ఇంగ్లీషు అనువాదం 1890, 1894లలో రెండు భాగాలుగా వచ్చింది, దాన్ని చూసి రథం ఘట్టం మాత్రం తెలుగులో రాసిచ్చాను. రాజా, నువ్వు రథమెక్కి వచ్చావు కదా, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని అడుగుతూ పోతాడు నాగసేనుడు. ఏదీ కాదు. అన్నీ కలిపి వాడుక కోసం పెట్టుకున్న పేరే రథం, నాగసేనుడన్నదీ అలాంటి పేరే అంటాడు.

మర్నాడు రాత్రి షాపు మూసి నేరుగా ఇంటికొచ్చాడు. "బాగుంది మాస్టారూ, కానీ ఒప్పుకోను. నేను మోటారు విప్పి అన్నీ బల్లమీద పెడితే నీళ్ళు తోడదు. బిగిస్తే తోడుతుంది. ఒట్టి పేరు నీళ్ళు తోడదు కదా."

నాకు ఒళ్ళు పులకరించింది. మన తర్కశాస్త్రానికి మూలమైన న్యాయసూత్రాల్లో గౌతముడు (బుద్ధుడు కాదు, వేరే ఆయన) వేరే మాటల్లో దాదాపు ఇదే అన్నాడు, భాగాల కంటే వేరుగా మొత్తం అనేది ఒకటి ఉంది, ఒకచోట పట్టుకుని లాగితే మొత్తం రావడమే దానికి సాక్ష్యం అని. ఈ అబ్బాయి న్యాయసూత్రాల పేరు కూడా వినలేదు. అక్కడ నాకు పద్ధతి దొరికింది. తర్వాతి పుస్తకం నేను ఎంచక్కర్లేదు, అతని అభ్యంతరమే ఎంచుతుంది. చదివినదాన్ని ఎక్కడ ఒప్పుకోడో అక్కడ, అతని పక్షాన నిలబడి వాదించినవాళ్ళు ఎవరో వెతికి ఇవ్వడం ఒక్కటే నా పని.

కాబట్టి అన్నంభట్టు తర్కసంగ్రహం, తెలుగు లిపిలో తెలుగు తాత్పర్యంతో ఉన్న ప్రతి. పదిహేడో శతాబ్దపు తెలుగువాడు, బాలానాం సుఖబోధాయ, అంటే బాలురకి సులువుగా బోధపడటానికి రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పాడు. బాలుడంటే పిల్లాడు కాదు, వ్యాకరణం కావ్యం చదివి ఉండి తర్కం మాత్రం చదవనివాడు అని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఇంత గౌరవంగా బిగినర్‌ని నిర్వచించినవాళ్ళు నాకు ఇంకెక్కడా కనపడలేదు. ముప్ఫై రెండేళ్ళ మెకానిక్‌కి ఆ మాట చెప్తే నిటారుగా కూర్చున్నాడు.

చిన్న పుస్తకమే కానీ వరసగా చదివించకూడదు, ఇది నా గట్టి అభిప్రాయం. ఏడు పదార్థాలు, తొమ్మిది ద్రవ్యాలు, ఇరవై నాలుగు గుణాలు అని మొదటి పేజీల్లోనే జాబితాలు మీద పడతాయి, బట్టీ పట్టేస్తాడు లేదా మూసేస్తాడు. నేను సమవాయం అన్న మాట దగ్గర తెరిచాను. పోగులకీ బట్టకీ ఉన్న విడదీయలేని సంబంధం సమవాయం. పోగులు అవయవాలు, బట్ట అవయవి. అతను వెంటనే రాగి తీగెకీ కాయిల్‌కీ పెట్టుకున్నాడు. ద్రవ్యం, గుణం, కర్మ అక్కడి నుంచి వెనక్కి వెళ్ళి చదివాం, మోటారు ద్రవ్యం, దాని వేడి గుణం, తిరగడం కర్మ. చివరిది అభావం, దాని దగ్గర నాలుగు ఆదివారాలు పట్టింది. కరెంటు లేదు అన్నప్పుడు ఆ లేకపోవడం కూడా ఉన్నదేనా అని. ఆ నాలుగు వారాలు వృథా అని నేననుకోను.

కానీ అవయవి దగ్గర మళ్ళీ చిక్కు వచ్చింది. బట్టలోంచి ఒక పోగు తీస్తే పాత బట్ట నశించి కొత్త బట్ట పుట్టినట్టే అని న్యాయ, వైశేషిక దర్శనాల వాళ్ళు వాదించారు, అదే బట్ట అనిపించడం పోలిక వల్ల. ఇది వినగానే "అయితే నేను బేరింగు మార్చినప్పుడల్లా కొత్త మోటారే. రైతుకి అబద్ధమే చెప్పినట్టు" అని డీలా పడ్డాడు. ఇలాంటిచోట వదిలేస్తే మనిషి చదువు మానేస్తాడు, ఆ వారమే తర్వాతిది ఇవ్వాలి. గ్రీకు రచయిత ప్లూటార్క్, పురాణవీరుడు థీసియస్ జీవితచరిత్రలో ఓడ గురించి రాసిన పేరా ఇచ్చాను, కుళ్ళిన పలకలు మారుస్తూ ఏథెన్స్ వాళ్ళు కాపాడుకున్న ఓడ, అది అదే ఓడ అని కొందరు, కాదని కొందరు. దానికి ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ 1655లో చేర్చిన చిక్కు కూడా, తీసేసిన పాత పలకలన్నీ ఎవరైనా దాచి మళ్ళీ ఓడ కడితే ఏది అసలుది? అతను నవ్వలేదు, చాలాసేపు మాట్లాడలేదు. తీసేసిన కాయిల్ తుక్కు కింద అమ్మేస్తాడు, అది గుర్తొచ్చిందట.

తర్వాత ఇంకో ఇంగ్లీషు తత్వవేత్త లాక్. మనిషి జ్ఞానం మీద ఆయన రాసిన ఎస్సేలో రెండో పుస్తకం ఇరవై ఏడో అధ్యాయం, 1694 నాటి రెండో ముద్రణలో చేర్చాడు దాన్ని. ఆ ఇంగ్లీషు పాతది, పైకి చదివించే పరీక్షలో నిలవలేదు, అందుకని మూడు ఆదివారాలు పక్కన కూర్చుని నేను చదువుతుంటే అతను విన్నాడు. రాళ్ళకుప్పలో అవే రాళ్ళు ఉంటేనే అదే కుప్ప, మర్రిచెట్టులాంటి ఓక్ చెట్టుకి అలా కాదు, ఆకులు రాలినా కొమ్మలు పెరిగినా ఒకే జీవం నడుస్తున్నంత కాలం అదే చెట్టు. యంత్రం గురించి కూడా గడియారం చూపించి చెప్తాడు, ఒక పని కోసం భాగాలు అమరి ఉండటం అని. ఇక్కడ అతను లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. "భాగాలు కాదు, అమరిక. ఆ పొలానికి నీళ్ళు తోడటం ఆగలేదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, అమరిక ఒకటే ఉన్న రెండు మోటార్లు పక్కపక్కనే ఉంటాయి కదా అన్నాను. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

మిగతా ఎంపికలు త్వరగా చెప్పేస్తాను. రసెల్ ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ, 1912 నాటిది, పదిహేను చిన్న అధ్యాయాలు, బల్ల దగ్గర మొదలవుతుంది. మనకి కనిపించే రంగు, ఆకారం బల్లవేనా అని. నాలుగో నెలలో ఇచ్చాను, సొంతంగా వారానికి నాలుగు పేజీల లెక్కన చదువుతున్నాడు, మొదటి మూడు అధ్యాయాలు అయ్యాయి. డెకార్ట్ 1641 మెడిటేషన్స్ నుంచి మైనం ముక్క కరిగే ఘట్టం ఒక్కటే ఇచ్చాను. ఛాందోగ్యం ఆరో అధ్యాయం మొదలు, ఉద్దాలకుడు శ్వేతకేతుకి మట్టిముద్ద, బంగారం, గోరు తీసే ఇనప పరికరం చూపించి పేర్లే వేరు అసలు ఒకటే అని చెప్పేది, నాగసేనుడి రథం పక్కన పెట్టి చదివాడు. ఇద్దరూ పేరు అనే అంటారు, ఒకాయన కింద ఏమీ మిగల్చడు, ఒకాయన మట్టిని మిగులుస్తాడు. ఆ తేడా తనంతట తనే పట్టుకున్నాడు.

అతను కొన్న ఐదింటిలో మనసు డబ్బు పుస్తకం తప్ప ఏదీ పారెయ్యమనలేదు. రాధాకృష్ణన్ 1923లో వచ్చిన మొదటి భాగంలో వేదాలు, ఉపనిషత్తులు, చార్వాకులు, జైనులు, బౌద్ధులు ఉన్నారు, న్యాయ వైశేషికాలు 1927లో వచ్చిన రెండో భాగంలోకి వెళ్ళాయి. అంటే ఇతని ప్రశ్నకి ఒక పక్షం చేతిలో ఉంది, రెండో పక్షం తన దగ్గర లేని పుస్తకంలో ఉంది. ఇప్పుడు రెండూ ఉన్నాయి, నిఘంటువులాగా అవసరమైన అధ్యాయం తెరుస్తాడు. కాంట్ మాత్రం అటక మీద పెట్టించాను, 1748లో హ్యూమ్ రాసిన ఎంక్వైరీ చదివాక దించుదాం అన్నాను, బస్సు టికెట్ అలాగే ఉంచమన్నాను. ఫోన్లో స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఉచితంగా దొరుకుతుంది, నాకు చాలా పనికొస్తుంది, అతనికి ఇంకో ఏడాది తర్వాత.

ఈ వరస అందరికీ సరిపోదు. పోయినేడు గుణుపురం నుంచి ఒక నర్సు వచ్చింది, ఆమె ప్రశ్న బాధ గురించి, ఆమెకి ఓడలూ రథాలూ ఇస్తే నేను మళ్ళీ అదే తప్పు చేసినట్టయ్యేది. ప్రశ్నే లేకుండా వచ్చేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకి ప్లేటో యూథిఫ్రో లాంటి చిన్న సంభాషణ ఒకటి ఇచ్చి, ఎక్కడ కోపం వచ్చిందో చెప్పమంటాను. కోపం రాకపోతే ఇంకొకటి.

పోయిన ఆదివారం అతను లాక్ అధ్యాయం రెండో సగం గురించి అడగడానికి వచ్చాడు. మనిషి విషయంలో లాక్ అమరిక దగ్గర ఆగడు, జ్ఞాపకం ఎంత దూరం వెనక్కి వెళ్తే ఆ వ్యక్తి అంత దూరం ఒకరే అంటాడు. "మా అమ్మ ఈమధ్య మర్చిపోతోంది మాస్టారూ. నాకు అక్షరాలు నేర్పింది గుర్తులేదంటోంది. మరి నాకు నేర్పింది ఆవిడ కాదా?" మోటారు గురించి అడిగినప్పుడు లేని వణుకు గొంతులో ఉంది. స్కాట్లండ్ తత్వవేత్త థామస్ రీడ్ 1785లో లాక్‌కి ఇచ్చిన జవాబు నా దగ్గరుంది. చిన్నప్పుడు తోటలో దొంగతనం చేసి దెబ్బలు తిన్న కుర్రాడు, ఆ దెబ్బలు గుర్తుండి యుద్ధంలో శత్రువు జెండా లాక్కున్న యువకుడు, ఆ జెండా గుర్తుండి ఆ దెబ్బలు మర్చిపోయిన ముసలి సేనాపతి, ముగ్గురూ ఒకరేనా కాదా అని అడిగి లాక్ లెక్క నిలవదని చూపిస్తాడు. ఆ భాగం మామూలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను, నాలుగు కాగితాలు వచ్చాయి. పెద్ద అక్షరాలు అతనే అడిగాడు, అమ్మ చేత పైకి చదివిస్తానని.